రెండున్నర అంగుళాల తేడా

గాజులరామారం,
12 జూన్ 2004

రావల్కోల్ ఇందిరమ్మగారికి,
గండయ్య నమస్కరించి రాసేది.

నేనెవరో మీకు తెలియదు. కానీ పోయిన ఆదివారం మీ చేను గట్టు మీద నుంచి మీ దగ్గర పనిచేసే యాదయ్య కర్ర పట్టుకుని తరిమిన ముసలాయన సంగతి ఈపాటికి మీ చెవిన పడే ఉంటుంది. ఆ ముసలాయన్ని నేనే. "ఎవ్వలు పంపిండ్రు నిన్ను? టేపు లోపట వెట్టు, కాళ్లిరగ్గొడ్త!" అన్నాడు. ఫౌండ్రీ మోతలో నా చెవులు సగం పోయాయి కనుక మిగతా తిట్లు నాకు వినబడలేదు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం కూడా ఆ చెవులే.

నన్ను ఎవరూ పంపలేదు. నేను కొలవబోయింది మీ భూమిని కాదు, అందులో ఉన్న పాత రైలు డబ్బాను.

జీడిమెట్లలో ముప్పై నాలుగేళ్లు ప్యాటర్న్ మేకర్‌గా చేసి మానేశాను. ఇనుప వస్తువు పోత పోయాలంటే ముందు అదే ఆకారాన్ని చెక్కతో చేయాలి. ఆ చెక్కను ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఇనుము లారీ ఎక్కి వెళ్లిపోతుంది, చెక్క మూలన పడుతుంది. నా చేతి పని ఒక్కటి కూడా బయటివాళ్లెవరూ చూసింది లేదు. చేతులు బాగున్నప్పుడే ఒక్క వస్తువు దాని కోసమే చేసి చూసుకోవాలని కోరిక పుట్టింది.

మా నాయన మేడ్చల్ గూడ్స్ షెడ్డులో హమాలీ. నిజాం కాలం నాటి చిన్న లైను డబ్బాల నీడన కూర్చుని ఆయనతో సద్దన్నం తిన్నవాణ్ని. ఇప్పుడు పెద్ద లైను పడింది. చిన్న లైను డబ్బాలన్నీ గ్యాసుతో కోసి అమ్మేశారు. ఒక్కటైనా మిగిలి ఉంటే కొలుచుకుని, ఇరవై అడుగుల బండిని ఒక్క అడుగులోకి దించి నమూనా చేయాలని రెండేళ్లుగా తిరుగుతున్నాను. మా కోడలు సృజన తుర్కపల్లిలో మందుల ల్యాబులో పని చేస్తుంది. వాళ్ల కంపెనీ క్యాబు ఒకరోజు మీ ఊరి మీదుగా వెళ్లిందట. "మామయ్యా, మీ డబ్బా ఒకటి చేన్ల కూసోనున్నది" అని కాగితం మీద రాసి చూపించింది.

మీరు సరేనంటే మూడు రోజులు వచ్చి కొలుచుకుంటాను. దేన్నీ పీకను, కోయను.

ఇట్లు,
గండయ్య


రావల్కోల్,
20 జూన్ 2004

గండయ్యగారికి,

మా మండలంలో ఇప్పుడు టేపు పట్టుకుని చేలో దిగేవాళ్లు మూడు రకాలు. ప్లాటు కొనేవాడు, ప్లాటు అమ్మేవాడు, ఈ ఇద్దరి మీదా కోర్టుకు పోయేవాడు. నాలుగో రకం ఒకడుంటాడని యాదయ్యకు తెలియదు, నాకూ తెలియదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబద్ధం చెప్పేవాడు ఇంత వివరంగా చెప్పడు కనుక నమ్ముతున్నాను.

ఆ డబ్బాకు మీరనుకున్నంత కథ ఏమీ లేదు. మా నాయన రైల్వే వేలంలో కొని, చక్రాలు లేని ఒట్టి పెట్టెను రెండెడ్ల బండ్ల మీద తెచ్చి అక్కడ దింపించాడు. అప్పటి నుంచీ గడ్డి పెట్టుకుంటున్నాం. అంతే.

కొలుచుకోండి. కానీ జల్దీ కానివ్వాలి. మా అబ్బాయి అన్వేష్ ఆ చేన్లో వెంచర్ వేస్తున్నాడు. డబ్బా సరిగ్గా ముప్పై అడుగుల రోడ్డు నడుమ పడిందట. దసరా వెళ్లాక జేసీబీ వస్తుంది, పాత ఇనుము వాడు డబ్బాను కోసుకుపోతాడు. పోతే పోనీ. నాకు దాని మీద ఏ మమకారమూ లేదు.

వచ్చేటప్పుడు టోపీ తెచ్చుకోండి. చేన్లో నీడ లేదు.

ఇందిరమ్మ


గాజులరామారం,
15 జూలై 2004

ఇందిరమ్మగారికి నమస్కారాలు.

మూడు రోజులూ యాదయ్య నన్ను కంటికి రెప్పలా కాచాడు. మొదటి రోజు అనుమానంతో, మూడో రోజు ప్రేమతో. "గీ పెట్టెల ఏమున్నది తాతా, గిట్ల తడుముతున్నవ్?" అని అడిగాడు. నిచ్చెన పట్టుకున్నాడు. మీరు పంపిన మజ్జిగలో అల్లం మస్తుగా ఉంది. మీరు మాత్రం మోటరు కొట్టు దగ్గరే నిలబడ్డారు, డబ్బా దాకా రాలేదు. ఎండ అనుకున్నాను.

ఏం చూశానో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చట్రమంతా ఎల్ ఆకారపు ఇనుప కోణాలు, వాటి మధ్య నిలువుగా టేకు చెక్కలు. తొంభై ఏళ్లు దాటినా టేకు బిగువు సడలలేదు. కప్పు కింద గాలి ఆడటానికి చిన్న చిన్న రేకు రెక్కలున్నాయి. గింజలు తడిస్తే మొలకెత్తుతాయి కనుక వాన పడకుండా, ఉక్క పోయకుండా ఆ రెక్కలను వాలుగా పెట్టారు. తలుపు పక్కన పోత ఇనుము బిళ్ల ఉంది. తుప్పు గీకితే 1908 అన్న అంకెలు తేలాయి. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా చిన్న లైను వేసిన కొన్నేళ్లకే పుట్టిన బండి అన్నమాట. పత్తి, జొన్న, బెల్లం ఎన్ని ఊళ్లు దాటించిందో! బరువు రాసిన తెల్ల అంకెలు ఇప్పటికీ లీలగా కనిపిస్తున్నాయి.

దక్షిణం వైపు గడ్డివాము ఆనుకుని ఉంది కనుక ఉత్తరం గోడనే కొలిచాను. మొత్తం పొడవు టేపుతో సరిగ్గా ఇరవై అడుగులు వచ్చింది. టేపు మొన వంగి ఉంది, చిన్న కొలతలకు పనికిరాదు. ఒక్కొక్క చెక్క, ఒక్కొక్క కోణం నా సంచిలోని స్టీలు స్కేలుతో విడిగా కొలిచాను. ముప్పై నాలుగేళ్లుగా నన్ను మోసం చేయని స్కేలు అది.

ఇక కోయడం మొదలుపెడతాను.

గండయ్య


రావల్కోల్,
28 జూలై 2004

గండయ్యగారికి,

ఒక రేకు రెక్క గురించి ఇంత మురిసిపోయే మనిషిని నేను చూడలేదు. మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో మీ కోడల్ని అడగాలి.

అన్నీ రాశారు గానీ ఒకటి వదిలేశారు. లోపల, తలుపుకు ఎడమ పక్కన మూరెడు దూరంలో, కోణానికి వేలాడే చిన్న కొక్కెం ఉండాలి. లాంతరు తగిలించేది. చూశారా? ఊడిపోయి ఉంటే మీ బొమ్మలో అయినా పెట్టండి. ఇంకోటి, ఆ రెక్కల వల్ల ఉక్క పోయదని మీరు రాసింది తప్పు. చైత్రమాసం మధ్యాహ్నం తలుపు మూసి లోపల కూర్చుంటే తెలుస్తుంది.

బరువు అంకెల్లో తొమ్మిది కొద్దిగా వంకరగా ఉంటుంది. దాన్ని సరిచేయకండి, అలాగే రాయండి.

ఇందిరమ్మ


గాజులరామారం,
16 ఆగస్టు 2004

ఇందిరమ్మగారికి నమస్కారాలు.

కొక్కెం ఉంది. నేను గడ్డి పరక అనుకుని వదిలేశానట, యాదయ్య మనిషితో కబురు పంపాడు. మీకింత జ్ఞాపకం ఉండటం ఆశ్చర్యంగా ఉంది.

ఒక చిక్కు వచ్చింది. వారం నుంచి అన్నం సయించడం లేదు. ఉత్తరం గోడ చెక్కలన్నీ, కోణాలన్నీ, తలుపు సందుతో సహా కూడితే ఇరవై అడుగులు రావాలి. రావడం లేదు. రెండున్నర అంగుళాలు తక్కువ. నా నమూనాలో అది అంగుళంలో ఎనిమిదో వంతు, మా పనివాళ్ల మాటలో ఒక నూలు. మీకు నవ్వు రావచ్చు. నూలు తేడా వస్తే మా ఫౌండ్రీలో పోతంతా పారేసేవాళ్లు.

నాలుగుసార్లు కూడి చూశాను. సృజన కంప్యూటర్ మీద కూడింది. అదే తేడా. కనుక తప్పు లెక్కలో లేదు, గోడలో ఉంది. ఆ గోడకు తలుపు నుంచి కుడివైపు నడుమ ఎత్తులో నాలుగు చెక్క ముక్కలు టేకు కాదు, మామిడి. వాటి మేకులు కూడా రైల్వే మేకులు కావు, మన ఊరి మేకులు. అక్కడ ఎవరో గోడ కోసి, తర్వాత మూసినట్టుంది. ఎవరు కోశారు? ఎందుకు? అది తెలిస్తే నా రెండున్నర అంగుళాలు దొరుకుతాయని నమ్మకం.

శ్రమ ఇస్తున్నందుకు మన్నించండి.

గండయ్య


రావల్కోల్,
23 ఆగస్టు 2004

గండయ్యగారికి,

ఎలుకలు కొరికాయి. మామిడి చెక్క కొట్టించాం.

కొలుచుకోమన్నాను గానీ తవ్వుకోమనలేదు. మీ బొమ్మకు కావలసింది మీరు తీసుకున్నారు. ఇక ఈ ఉత్తరాలు చాలు.

ఇందిరమ్మ


రావల్కోల్,
14 సెప్టెంబరు 2004

గండయ్యన్నకు,

వద్దన్నది నేనే, మళ్లీ రాస్తున్నదీ నేనే. మీరు మాట విని మారు రాయకుండా ఊరుకోవడం నాకు ఇంకా కష్టమైంది. గొడవ పడి ఉంటే తిట్టి వదిలేసేదాన్ని.

ఎలుకలు కొరకలేదు. టేకును మా ఊరి ఎలుకలేం కొరుకుతాయి? ఆ గోడను కోసింది మా అమ్మ, బాలనర్సమ్మ. అక్కడ కిటికీ ఉండేది.

నాకు ఏడేళ్లప్పుడు మా నాయన పోయాడు. పదమూడో రోజు అయ్యాక మా పెదనాయనలు, "ఆడపిల్లనే గదా ఉన్నది. నీకు భూమెందుకు? మీ తల్లిగారింటికి పో, ఇంత బియ్యం పంపుతం" అన్నారు. మా అమ్మ పుట్టింటికి పోలేదు. పోతే ఆ భూమి మీద మళ్లీ కాలు పెట్టనివ్వరని ఆమెకు తెలుసు. ఇంట్లో ఉండనివ్వలేదు కనుక నన్ను చేయి పట్టుకుని నడిపించుకుంటూ చేన్లోకి వచ్చి, ఆ డబ్బాలో గడ్డి తీసేసి, చాప పరిచింది. మూడేళ్లు ఉన్నాం. వానలో, ఎండలో, చలిలో. ఊళ్లో పొద్దున కూలికి పోయేది, సాయంత్రానికి డబ్బాకు వచ్చేది. జ్వరం వచ్చినా ఊళ్లోకి మకాం మార్చలేదు. "నేను లేస్తే భూమి లేస్తది బిడ్డా. కూసోవాలె" అనేది.

కిటికీ పది రోజులు కోసింది. ఎవరో ఇచ్చిన ఉలి, విరిగిన కొడవలి, అంతే. గాలి కోసమని నాతో చెప్పేది. ఊరి వైపు నుంచి ఎవరు వస్తున్నారో చూడటానికని తర్వాత అర్థమైంది. నాకు మాత్రం అందులోంచి దూరంగా చిన్న లైను బండి పొగ కనిపించేది. ఆ లాంతరు కొక్కెం కింద కూర్చుని నేను అంకెలు నేర్చుకున్నాను. బడికి పంపే దారి లేదు కనుక మా అమ్మ నన్ను బయటికి తీసుకుపోయి, గోడ మీది రైల్వే వాళ్ల బరువు అంకెలు చూపించి బొగ్గుతో దిద్దించేది. అందుకే ఇప్పటికీ నా తొమ్మిది వంకరగా ఉంటుంది. పై తేదీల్లో ఎక్కడా తొమ్మిది లేదు గానీ, ఉంటే మీరు ఈపాటికి కనిపెట్టేవారు.

ఊళ్లో పిల్లలు డబ్బా మీద రాళ్లేసి, "డబ్బా బాలనర్సమ్మా!" అని అరిచి పారిపోయేవాళ్లు. లోపల ఆ మోత ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మీ చెవులకు తెలుసు. నీళ్ల దగ్గర, కూలి దగ్గర, చివరికి పంచాయితీ పిలుపులో కూడా ఆమె పేరు అదే అయిపోయింది.

మూడేళ్లకు పెద్దమనుషులు కూర్చుని మా వాటా మాకు రాశారు. ఇల్లు కట్టుకున్నాం. అమ్మ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? వడ్రంగం చేసే వడ్లాయన్ని పిలిచి ఆ కిటికీ మూయించింది. మళ్లీ గడ్డి నింపించింది. నా పెళ్లికి ముందు నా చేయి తన నెత్తి మీద పెట్టించుకుని, "గా ముచ్చట ఎవ్వలకు చెప్పకు. డబ్బాల పెరిగిన పిల్ల అంటరు" అంది. ఇల్లరికం వచ్చిన మా ఆయనకు కూడా చెప్పలేదు. పెదనాయనల వాళ్లతో తర్వాత రాకపోకలు కలిశాయి, వాళ్లూ ఆ మాట ఎత్తలేదు, మా చేతికి భూమి వచ్చాక ఊళ్లోవాళ్లూ ఆ పేరు వదిలేశారు. నా కొడుక్కి తెలియదు. వాడు ఇప్పుడు ప్లాట్లు చేస్తున్న భూమి అదే.

డబ్బా పోతే పీడా పోతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మీరొచ్చి నాలుగు మామిడి చెక్కల్ని పట్టుకున్నారు. నలభై నాలుగేళ్లు ఎవరి కంటా పడనివి. ఇక దాచి ఏం లాభం అనిపించింది. మీ రెండున్నర అంగుళాలు ఇవే అన్నా. తీసుకోండి.

ఇందిర


గాజులరామారం,
27 సెప్టెంబరు 2004

చెల్లెమ్మ ఇందిరమ్మకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అయినా చెప్పక తప్పదు.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు, మా సృజన వంటింటి అలమారకు అద్దం కావాలంది. సంచిలోంచి స్కేలు తీసి కొలిచి అంకె రాసిచ్చాను. షాపువాడు ఆ అంకెకే కోసిచ్చాడు. బిగిస్తే సందులో అద్దం ఊగుతోంది. "మామయ్యా, నీ కొలత తప్పుడేంది? గిదెన్నడు సూడలే" అని సృజన నా మొహంలోకి చూసింది. నేను స్కేలు వైపు చూశాను. అప్పుడు తెలిసింది.

పోత పోసిన ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది. అడుగుకు ఒక నూలు. అందుకని ప్యాటర్న్ చేసేవాళ్ల దగ్గర వేరే స్కేలు ఉంటుంది. దాని మీద అడుగు అని రాసి ఉన్నది అసలు అడుగు కన్నా ఒక నూలు పెద్ద. ఆ స్కేలుతో చెక్క పెద్దగా చేస్తే, ఇనుము చల్లారి సరైన కొలతకు వస్తుంది. దాన్ని ష్రింకేజి స్కేలు అంటాం. మా ఇంటి గోడకు రెండు మేకులున్నాయి, ఒకదానికి మామూలు స్కేలు, ఒకదానికి ఇది. ముప్పై నాలుగేళ్ల అలవాటు చెల్లెమ్మా, నా చేయి చూడకుండానే ఆ రెండో మేకు మీదికి పోయింది. నీ డబ్బాను దానితో కొలిచాను. పెద్ద అడుగుతో కొలిస్తే ప్రతి చెక్కా చిన్నదిగా పడుతుంది. అడుగుకు నూలు చొప్పున ఇరవై అడుగులకు ఎంతో నువ్వే చూసుకో. రెండున్నర అంగుళాలు.

గోడలో ఏ తేడా లేదు. మీ అమ్మ పిలిపించిన వడ్లాయన నూలు తేడా రాకుండా మూశాడు. తప్పంతా నాది. లేని తేడాను నీ మీదికి తోసి, నువ్వు నలభై నాలుగేళ్లు కడుపులో దాచుకున్న మాట నీ నోటితోనే చెప్పించాను. నా వల్ల నువ్వు తల్లికిచ్చిన మాట తప్పావు. దొంగతనం చేసినట్టుంది నాకు.

నీ ఉత్తరం నేను తప్ప ఎవరూ చదవలేదు. కావాలంటే తిప్పి పంపిస్తాను, కాల్చెయ్.

ఒక్క మాట మాత్రం అడుగుతాను. డబ్బా పోతే పోనీ, కొలతలు మిగిలితే చాలనుకుని మొదట వచ్చాను. ఇప్పుడలా అనుకోలేకపోతున్నాను. నేను ఎంత బాగా చేసినా నా బొమ్మలో ఒక తల్లీ బిడ్డా మూడేళ్లు పడుకోలేరు. కానీ చేను మీది, మాట మీ అమ్మది. నువ్వెలా అంటే అలా.

గండయ్య


రావల్కోల్,
11 అక్టోబరు 2004

గండయ్యన్నకు,

మొదట మస్తు కోపం వచ్చింది. మీ ఉత్తరం విసిరికొట్టి, పత్తి చేన్లోకి వెళ్లి యాదయ్యను ఏ కారణమూ లేకుండా తిట్టాను. పాపం, "ఇందిరమ్మా, నేనేం జేసిన?" అని నిలబడ్డాడు. రెండో రోజు నవ్వు వచ్చింది. తప్పుడు స్కేలు తెచ్చుకుని మా అమ్మ కిటికీ దాకా వచ్చిన మనిషి మీరొక్కరే ఉంటారు. సరైన స్కేలు తెచ్చి ఉంటే మీ లెక్క కుదిరేది, మీరు అడిగేవారు కాదు, దసరా వెళ్లాక డబ్బా పోయేది, నేనూ అలాగే పోయేదాన్ని.

మీరు రాసిన ఒక మాట నన్ను వదలలేదు. పోసింది చల్లారితే చిన్నదైపోతుందని. మా అమ్మ పడ్డ మూడేళ్ల కష్టం మా ఇంట్లో నలభై నాలుగేళ్లు చల్లారి చివరికి ఒట్టి గడ్డి డబ్బా అయింది. నా కొడుకు దృష్టిలో రోడ్డుకు అడ్డం అయింది. వాడి తప్పు లేదు. చెప్పనిది వాడికెలా తెలుస్తుంది? ఉత్తరం తిప్పి పంపొద్దు.

నిన్న అన్వేష్ లేఔట్ కాగితం పట్టుకుని వచ్చాడు. "అమ్మా, డబ్బా లేపడానికి మనిషిని మాట్లాడిన. సంతకం జెయ్" అన్నాడు. పద, చూపిస్తా అని వాణ్ని వెంటబెట్టుకుని చేన్లోకి పోయాను. నలభై నాలుగేళ్ల తర్వాత నేనూ డబ్బా ఎక్కాను. వాడే చేయి ఇచ్చి ఎక్కించాడు. కొక్కెం చూపించాను. మామిడి చెక్కలు చూపించాను. చాప ఎక్కడ పరిచేవాళ్లమో చూపించాను. చెప్పడం అయ్యేసరికి ఇద్దరం గడ్డి మీద కూర్చుని ఉన్నాం.

వాడు లేచి కొక్కేన్ని వేలితో తడిమి చూశాడు. ఫోన్ రెండుసార్లు మోగితే కట్ చేశాడు. "గింత దాంట్ల మూడేండ్లా అమ్మా?" అన్నాడు. తర్వాత, "మరి నాకెందుకు జెప్పలే?" అన్నాడు. అమ్మ వద్దంది అన్నాను. "అమ్మమ్మ నీకు సిగ్గయితదని అట్లన్నది. నాకేం సిగ్గు? ఆమె గీడ కూసోకపోతే నాకీ చేనెక్కడిది?" అన్నాడు. నా కొడుకు నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదన్నా. ఏడ్చాను. దాచడమెందుకు, బాగా ఏడ్చాను.

డబ్బా పోదు. రోడ్డు నడుమ ఉండనివ్వరు కనుక, లేఔట్‌లో పార్కుకు వదిలిన జాగాలోకి క్రేనుతో జరిపిస్తానన్నాడు. అక్కడైతే ఎప్పటికీ ఎవరూ అమ్మడానికి లేదట. వాడి లేఔట్ మీద వాడే డబ్బా బొమ్మ గీశాడు. పొడవు ఎంత వేయాలని అడిగితే ఇరవై అడుగులు అని ఠక్కున చెప్పాను. టేపుతో కొలిచిందే లెండి.

ఇందిర


గాజులరామారం,
20 నవంబరు 2004

చెల్లెమ్మకు,

సృజన చేతికి పెట్టె ఇచ్చి పంపుతున్నాను. క్యాబులో ఒళ్లో పెట్టుకుని రమ్మన్నాను, సీటు మీద పెట్టొద్దన్నాను. పొడవు సరిగ్గా ఒక అడుగు, మామూలు స్కేలుతో. ఈసారి రెండో మేకే గోడలోంచి పీకేశాను. స్కేలు మాత్రం పారేయలేదు.

1908లో కార్ఖానాలోంచి వచ్చినట్టు చేయాలని మొదట గీసుకున్నాను. ఆ కాగితం పక్కన పెట్టాను. ఇది మీరు ఉన్నప్పటి డబ్బా. ఉత్తరం గోడలో కిటికీ ఉంది, తెరిచే ఉంది. అంచులు సాపు చేయలేదు, ఉలి, కొడవలి దెబ్బలు ఎలా ఉండేవో ఊహించి అలాగే వదిలాను. లోపల కొక్కెం ఉంది, వేలు పెట్టి తడిమితే దొరుకుతుంది. తొమ్మిది వంకరగానే రాశాను.

ముప్పై నాలుగేళ్లలో నేను చేసిన చెక్క ఇదొక్కటే ఇసుకలోకి పోకుండా ఒకరి చేతికి పోతోంది. అది నీ చెయ్యి కావడం నాకు సంతోషం.

గండయ్య


రావల్కోల్,
9 డిసెంబరు 2004

అన్నకు,

పెట్టె విప్పగానే మొదట వేలు లోపలికి పెట్టి కొక్కెం తడిమాను. దొరికింది. తర్వాత కళ్లు మసకేసి చాలాసేపు ఏమీ కనబడలేదు. సృజన భయపడి నీళ్లు తెచ్చింది. బంగారం లాంటి పిల్ల. మిమ్మల్ని ఎలా భరిస్తున్నావని అడిగాను. "స్కేలు దాసిపెడ్త అత్తమ్మా" అంది.

పెద్ద డబ్బా మొన్న మంగళవారం పార్కు జాగాలోకి వచ్చింది. క్రేను లేపుతుంటే ఊరంతా చూసింది. రాళ్లేసిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు తాతలయ్యారు, వాళ్లూ వచ్చి నిలబడ్డారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఇందిరా, చిన్నప్పుడు తెల్వక జేసినం" అన్నాడు. సరేలే అన్నాను. మామిడి చెక్కలు నాలుగూ నేనే దగ్గరుండి పీకించాను. కిటికీలోంచి ఇప్పుడు పొగ కనబడదు గానీ, పెద్ద లైను బండి కూత వినబడుతుంది.

నిన్న పెయింటర్ వచ్చాడు. ఏం రాయాలని అడిగితే అన్వేష్ ఒక కాగితం ఇచ్చాడు. 'కీర్తిశేషులు శ్రీమతి బాలనర్సమ్మ స్మారక చిహ్నం' అని రాసి ఉంది. మనవడు కదా, మర్యాదగా రాశాడు. నేను కాగితం మడిచి వాడి జేబులోనే పెట్టాను. ఆమె ఊళ్లో ఏ పేరుతో మూడేళ్లు తల దించుకుని నడిచిందో ఆ పేరే రాయమన్నాను. 'డబ్బా బాలనర్సమ్మ'. అంతే. ముందూ వెనకా ఏమీ వద్దన్నాను. అన్వేష్ నా వైపు చూసి, పెయింటర్‌కు తలూపాడు.

అక్షరాలు ఎంత ఎత్తుండాలి అమ్మా అని పెయింటర్ అడిగాడు. ఒక్కో అక్షరం అడుగు ఎత్తు అన్నాను. వాడు టేపు తీయబోతే ఆగమన్నాను. అన్నా, వచ్చే ఆదివారం ఉదయం బయల్దేరి రండి. పారేయకుండా దాచారు కదా, ఆ రెండో స్కేలు తీసుకురండి. ఆ పెద్ద అడుగుతో కొలిచి రాయిస్తాను.

ఇందిర